జెనీవా దారి శామీర్‌పేట మీదుగా

పోయిన నెల మేడ్చల్ నుంచి ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. పొలిటికల్ సైన్స్‌లో పీజీ చేస్తోంది, మొదటి సంవత్సరం. "అన్నా, యూఎన్‌లో పని చెయ్యాలని నా కోరిక. జెనీవాకు పోయి ఇంటర్నేషనల్ ఆర్గనైజేషన్స్ మీద ఇంకో మాస్టర్స్ చేస్తే జాబ్ వస్తదా? మా నాన్న తుర్కపల్లి దగ్గరున్న ప్లాటు అమ్మి పంపిస్తా అంటున్నడు" అని అడిగింది.

ఈ కాలమ్‌కు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ శాతం జావా నేర్చుకోవాలా, పైథాన్ నేర్చుకోవాలా, అమెరికా ఎంఎస్‌కు ఇప్పుడు వెళ్లొచ్చా అనేవే. వాటికి నిద్రలో లేపి అడిగినా జవాబు చెప్పగలను. దీనికి మాత్రం రెండు వారాలు కూర్చొని చదవాల్సి వచ్చింది. ప్లాటు అమ్మకం అంటే చిన్న విషయం కాదు. మన దగ్గర చాలా ఇళ్లల్లో ఆ ఒక్క ప్లాటే ఆస్తి.

జవాబు ముందే చెప్పేస్తా. ప్లాటు అమ్మొద్దు, కనీసం ఈ ఏడాది వద్దు. కోరిక మంచిదే. కాకపోతే దగ్గరి దారి ఒకటి ఉంది. అది ఆ ప్లాటు పక్కనుంచే పోతుంది. ఆ సంగతి కాసేపట్లో చెప్తా. ముందు జెనీవాలో పరిస్థితి ఎలా ఉందో చూద్దాం.

అక్కడ ఇప్పుడు గడ్డుకాలం

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ పదవిలోకి వచ్చిన రోజే ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకుంటున్నట్టు సంతకం పెట్టేశారు. అప్పటిదాకా ఆ సంస్థకు అన్నిటికంటే ఎక్కువ డబ్బిచ్చిన దేశం అమెరికానే. అదే ఏడాది మే నెలలో డబ్ల్యూహెచ్‌ఓ 2026–27 బడ్జెట్‌ను 530 కోట్ల డాలర్ల ప్రతిపాదన నుంచి 420 కోట్లకు తగ్గించుకుంది. జులై 1 నాటికి యూఎస్‌ఎయిడ్ తలుపులు మూసేసింది. ఇటు ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ మార్చిలో 'యూఎన్80' పేరుతో సంస్కరణలు మొదలుపెట్టారు. పేరు బాగుంది గానీ, లోపల ఉన్నది ఖర్చుల కోత. 2026 బడ్జెట్‌లో సచివాలయంలోని 2,681 పోస్టులు తీసేయాలని ఆయనే ప్రతిపాదించారు.

మా ఐటీ భాషలో చెప్పాలంటే హైరింగ్ ఫ్రీజ్, లేఆఫ్ రెండూ ఒకేసారి వచ్చాయి. మా దగ్గర లేఆఫ్ అయిన సీనియర్ రెండేళ్ల అనుభవం అడిగే పోస్టుకు కూడా అప్లై చేస్తాడు. అక్కడా ఇప్పుడు అదే జరుగుతోంది. పదేళ్లు ఫీల్డ్‌లో తిరిగి, మూడు భాషలు మాట్లాడే మనిషి మీతో పాటే అదే చిన్న కన్సల్టెన్సీకి లైన్లో నిలబడతాడు. ఆ లైన్లో జెనీవా డిగ్రీ ఒక్కటే పట్టుకొని నిలబడటం కష్టం.

మామూలు రోజుల్లో కూడా రూల్స్ అంత సులువుగా ఏమీ లేవు. యూఎన్‌లో ప్రొఫెషనల్ ఉద్యోగాలను పీ-2, పీ-3 అని మెట్లుగా పెడతారు. పీ-2కు మాస్టర్స్‌తో పాటు సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. పీ-3కి ఐదేళ్లు. అంటే మాస్టర్స్ అనేది లోపలికి పోయే టికెట్ కాదు, క్యూలో నిలబడటానికి ఇచ్చే టోకెన్. అసలు కష్టం ఆ రెండేళ్ల అనుభవం ఎక్కడ సంపాదించాలన్నది.

యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్ అని ఒక పరీక్ష ఉంది. డిగ్రీ చాలు, 32 ఏళ్ల లోపు ఉండాలి, అనుభవం అక్కర్లేదు. వినడానికి మన గ్రూప్స్ పరీక్షలా ఉంటుంది. కానీ దీనికి అన్ని దేశాలవాళ్లూ అప్లై చెయ్యలేరు. సచివాలయంలో తమ వాటా కంటే తక్కువ మంది పనిచేస్తున్న దేశాల జాబితాను యూఎన్ ఏటా విడుదల చేస్తుంది. ఆ ఏడాది జాబితాలో మన దేశం పేరుంటేనే మీరు రాయగలరు. యూట్యూబ్‌లో 'యూఎన్ జాబ్ ఎలా కొట్టాలి' వీడియోలు చేసేవాళ్లు ఈ ఒక్క లైను మాత్రం చెప్పరు. పుస్తకాలు కొనే ముందు యూఎన్ కెరీర్స్ సైట్‌లో ఆ జాబితా చూడండి. ఐదు నిమిషాల పని.

తుర్కపల్లి నుంచి ఇంకో హైదరాబాద్‌కు

ఇప్పుడు దగ్గరి దారి సంగతి. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట చెరువు దాటి కరీంనగర్ వైపు పోతుంటే జీనోమ్ వ్యాలీ వస్తుంది. కుడివైపు, ఎడమవైపు గేట్లు, షటిల్ బస్సులు, తెల్ల కోట్లు. వీకెండ్‌లో ఆ రోడ్డు మీద దాబాలకు వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో నాకు డౌటే గానీ, అంతర్జాతీయ సంస్థలు ఎలా పనిచేస్తాయో కళ్లతో చూడాలంటే తెలుగు నేల మీద ఇంతకంటే మంచి చోటు లేదు.

ఒక్క ఉదాహరణ చాలు. 2016 నవంబర్‌లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలో మందులకు లొంగని టైఫాయిడ్ మొదలైంది. మొదలైన ఊరి పేరు కూడా హైదరాబాదే. మామూలు యాంటీబయాటిక్స్ చాలావరకు పనిచెయ్యలేదు. దాన్ని ఆపడానికి పిల్లలకు ఇచ్చిన టీకా టైప్‌బార్-టీసీవీ. తయారు చేసింది జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్. 2019 నవంబర్‌లో పాకిస్తాన్ ఈ టీకాను పిల్లలందరికీ వేసే కార్యక్రమంలో చేర్చింది. అలా చేసిన మొదటి దేశం అదే. రెండు దేశాల మధ్య అప్పుడు పరిస్థితి ఎలా ఉందో మీకు తెలుసు, అది పుల్వామా జరిగిన ఏడాది. అయినా ఈ హైదరాబాద్ టీకా ఆ దేశానికి చేరింది.

ఎలా చేరింది అన్నదే మన సబ్జెక్టు. ముందు డబ్ల్యూహెచ్‌ఓ ఆ టీకాను, ఆ ఫ్యాక్టరీని పరీక్షించి 'ప్రీక్వాలిఫికేషన్' ఇచ్చింది. ఈ ముద్ర లేకపోతే యూఎన్ సంస్థలు కొనవు. తర్వాత గావి అనే టీకాల కూటమి డబ్బు పెట్టింది. కొని పంపే పని యూనిసెఫ్‌ది. దాని కొనుగోళ్ల విభాగం డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో ఉంది, ప్రపంచంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో దాదాపు 45 శాతం మందికి టీకాలు కొనేది అదే. ఒక చిన్న సీసా వెనక మూడు సంస్థలు. మీ సిలబస్‌లో 'గ్లోబల్ గవర్నెన్స్' అనే చాప్టర్ చదివినప్పుడు నిద్రొస్తే, ఈ సీసాను గుర్తు తెచ్చుకోండి.

అంతా సాఫీగా జరిగిందనుకోవద్దు. నాకు ఆసక్తి కలిగించింది దెబ్బలు తగిలిన సందర్భాలే. మేడ్చల్‌లోని శాంతా బయోటెక్నిక్స్ సంగతి చూడండి. 1993లో వరప్రసాద్ రెడ్డి మొదలుపెట్టారు. 1997లో దేశంలోనే మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా తెచ్చి ధరను సామాన్యుడి అందుబాటులోకి దించింది ఆ కంపెనీ. ఐదు జబ్బులకు ఒకే సూదిగా పనిచేసే షాన్-5 టీకాకు యూఎన్ సంస్థల నుంచి 34 కోట్ల డాలర్ల ఆర్డర్ వచ్చింది. 2010లో కొన్ని సీసాల్లో తెల్లటి మడ్డి అంటుకుని కనపడింది. డబ్ల్యూహెచ్‌ఓ ప్రీక్వాలిఫికేషన్ వెనక్కి తీసుకుంది. ఆ ముద్ర మళ్లీ రావడానికి 2014 దాకా పట్టింది. నాలుగేళ్లు! జెనీవాలో ఒక కమిటీ తీసుకున్న నిర్ణయం మేడ్చల్‌లో షిఫ్టుల మీద పడింది.

కోవాగ్జిన్ కథ మనందరం చూశాం. 2021 నవంబర్ 3న డబ్ల్యూహెచ్‌ఓ అత్యవసర అనుమతి ఇచ్చింది. దానికోసం నెలల తరబడి ఎదురుచూసిన విదేశీ విద్యార్థులు, గల్ఫ్ కార్మికులు మన ఊళ్లల్లోనే ఎంతమందో. 2022 మార్చి 14 నుంచి 22 దాకా డబ్ల్యూహెచ్‌ఓ బృందం తనిఖీ చేసింది. ఏప్రిల్ 2న, తయారీ పద్ధతుల్లో లోపాలు సరిచేసుకోవాలంటూ యూఎన్ సంస్థల ద్వారా సరఫరాను ఆపింది. టీకా పనితీరు మీద, భద్రత మీద సందేహం లేదని అదే ప్రకటనలో చెప్పింది. మన వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఆ రెండో సగం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

ఒక అంతర్జాతీయ సంస్థకు సైన్యం లేదు, పోలీసులు లేరు. అయినా ఒక కాగితంతో ఫ్యాక్టరీని ఆపగలదు, ఒక ముద్రతో శత్రుదేశానికి సరుకు పంపించగలదు. ఈ అధికారం ఎక్కడిది? దాని మీద మంచి థీసిస్ రాసే అవకాశం జెనీవాలో ఉన్న విద్యార్థి కంటే మేడ్చల్‌లో ఉన్న మీకే ఎక్కువ. వాళ్లకు పత్రాలు దొరుకుతాయి. మీకు ఆ తనిఖీల రోజుల్లో పనిచేసిన మనుషులు దొరుకుతారు. మీ గల్లీలోనే ఎవరో ఒకరు క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో రిటైరై ఉంటారు. పోయి అడగండి, చాయ్ తాగుతూ చెప్తారు. కంపెనీ రహస్యాలు కాకుండా, ఆ పని ఎలా జరుగుతుందో అడగండి చాలు.

ఇప్పుడే వేడిగా ఉన్న టాపిక్ ఒకటుంది. 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య మహాసభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. ఇంకో కోవిడ్ లాంటిది వస్తే, ఒప్పందంలో చేరిన టీకా కంపెనీలు తమ ఉత్పత్తిలో 20 శాతం డబ్ల్యూహెచ్‌ఓకు అందుబాటులో ఉంచడం లక్ష్యం, అందులో కనీసం 10 శాతం ఉచితంగా. దానికి బదులుగా వైరస్ నమూనాలు, వాటి సమాచారం కంపెనీలకు అందుతాయి. నమూనాలు ఎవరు, ఎలా, ఏ షరతులతో ఇవ్వాలన్న అనుబంధాన్ని తర్వాత తేల్చుకుందామని పక్కన పెట్టారు. అసలు కొట్లాటంతా అక్కడే. జీనోమ్ వ్యాలీ పక్కన కూర్చొని ఇది చదవకపోతే ఎట్లా?

జీతం ఇచ్చేవి, ఇవ్వనివి

ఇక ఇంటర్న్‌షిప్‌లు. ఇక్కడ డబ్బు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం.

యూఎన్ సచివాలయం ఇంటర్న్‌షిప్‌కు, అంటే న్యూయార్క్, జెనీవా ఆఫీసుల్లో రెండు నుంచి ఆరు నెలల పనికి, రూపాయి ఇవ్వరు. టికెట్, వీసా, ఇన్సూరెన్స్, అద్దె అన్నీ మనవే. నా లెక్కలో రెండు నెలలకే నాలుగు లక్షలకు తక్కువ కాదు, అదీ వంట మనమే చేసుకుంటే. 2015లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన 22 ఏళ్ల ఇంటర్న్ ఒకడు జెనీవాలో అద్దె కట్టలేక టెంట్‌లో ఉంటున్నాడని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. సమస్యను చూపించడానికే అలా చేశానని తర్వాత చెప్పాడనుకోండి, కానీ సమస్య నిజమే. సమానత్వం గురించి రోజూ మాట్లాడే సంస్థ, ఇంట్లో డబ్బున్న పిల్లలకే అందే మొదటి మెట్టును ఇన్నేళ్లుగా అలాగే ఉంచడం నాకైతే అర్థం కాదు.

అన్నీ అలా లేవు. డబ్ల్యూహెచ్‌ఓ 2020 నుంచి ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇస్తోంది. వయసు కనీసం 20 ఉండాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్ఓ కూడా ఇస్తుంది. వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు గంటల లెక్కన చెల్లిస్తుంది. మనీలాలోని ఆసియా అభివృద్ధి బ్యాంకు మాస్టర్స్, పీహెచ్‌డీ చదువుతున్నవాళ్లను తీసుకుని స్టైపెండ్ ఇస్తుంది. మన ఎకనామిక్స్, డేటా పిల్లలు దీన్ని ఎక్కువగా చూడాలి. డబ్బులిచ్చే వాటికే పోటీ ఎక్కువ, ఆ మాట కూడా చెప్పాలి. కోతల కాలంలో సీట్లు తగ్గుతాయి కాబట్టి ప్రతి నోటిఫికేషన్ తేదీ దాని సొంత సైట్‌లోనే చూసుకోండి, స్క్రీన్‌షాట్లను నమ్మొద్దు.

చాలామంది పట్టించుకోని ఇంకో తలుపు యూఎన్ వాలంటీర్స్. పేరులో వాలంటీర్ అని ఉన్నా పూర్తికాల అసైన్‌మెంట్లకు జీవన భృతి ఇస్తారు. 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకు యూత్ కేటగిరీ, 27 దాటితే స్పెషలిస్ట్. సొంత దేశంలోనే పనిచేసే నేషనల్ వాలంటీర్ పోస్టులు ఉంటాయి. పీ-2 అడిగే ఆ రెండేళ్ల అనుభవం ఇలాంటి చోటే దొరుకుతుంది. 18 దాటినవాళ్లు ఇంటి నుంచి చేసే ఆన్‌లైన్ వాలంటీరింగ్ కూడా ఉంది. దానికి డబ్బు రాదు, కానీ ఖర్చూ లేదు, పీజీ చేస్తూనే చెయ్యొచ్చు.

దేశం లోపలి పోస్టుల సంగతి మనవాళ్లకు అస్సలు తెలియదు. యూఎన్ సంస్థలు నేషనల్ ఆఫీసర్ అనే కేటగిరీలో ఆ దేశ పౌరులనే తీసుకుంటాయి. డబ్ల్యూహెచ్‌ఓకు మన దేశంలో పోలియో, తట్టు నిఘా కోసం జిల్లాల్లో తిరిగే మెడికల్ ఆఫీసర్లు ఉన్నారు. టీకాల నిల్వలు, ఫ్రిజ్ ఉష్ణోగ్రతలు ఫోన్‌లో చూపించే ఈవిన్ అనే వ్యవస్థను ఆరోగ్య శాఖతో కలిసి నడిపింది యూఎన్‌డీపీ. జిల్లా స్థాయిలో కోల్డ్ చైన్ మేనేజర్లను పెట్టింది. మనం టీకా స్లాట్ కోసం రాత్రిళ్లు రిఫ్రెష్ కొట్టిన కోవిన్‌కు పునాది ఆ ఈవినే. యూనిసెఫ్‌కు హైదరాబాద్‌లో ఫీల్డ్ ఆఫీసు ఉంది, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకు కలిపి. శామీర్‌పేటలో ఔటర్ ఎక్కి పటాన్‌చెరులో దిగితే ఇక్రిశాట్. అది 1972 నుంచి అక్కడే ఉన్న పక్కా అంతర్జాతీయ సంస్థ, విద్యార్థులను ఇంటర్న్‌లుగా, రీసెర్చ్ స్కాలర్లుగా తీసుకుంటుంది. జొన్నలు, కందులు, శనగల గురించి మాట్లాడటం మీకు చిన్నతనం కాకపోతే అక్కడ పని ఉంది.

నేను కోడ్ రాసే మనిషిని కాబట్టి ఇంజినీరింగ్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. బిట్స్ క్యాంపస్ అయినా, కండ్లకోయ చుట్టుపక్కల కాలేజీలయినా, యూఎన్ అంటే ఆర్ట్స్ వాళ్ల వ్యవహారం అనుకోకండి. యూఎన్ సంస్థలకు సాఫ్ట్‌వేర్, సైబర్ సెక్యూరిటీ పనిచేసే యూఎన్‌ఐసీసీ అనే ప్రత్యేక సంస్థే ఉంది, 1971 నుంచి. ఓస్లో విశ్వవిద్యాలయం నడిపే డీహెచ్‌ఐఎస్2 అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద ఎన్నో దేశాల ఆరోగ్య శాఖలు నడుస్తున్నాయి. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, పని చెయ్యొచ్చు. గిట్‌హబ్‌లో అక్కడ చేసిన నాలుగు నిజమైన పనులు, 'వరల్డ్ పీస్ అంటే నాకిష్టం' అని రాసిన కవర్ లెటర్ కంటే బరువుగా ఉంటాయి.

చదువు ఎక్కడ

మాస్టర్స్ వద్దు అనటం లేదు. ప్లాటు అమ్మకుండా చదివే చోట్లు చూడమంటున్నా. జేఎన్‌యూలో ఇంటర్నేషనల్ స్టడీస్ స్కూల్ ఉంది, అందులో ఒక సెంటర్ పేరులోనే 'ఆర్గనైజేషన్' అన్న మాట ఉంది. సీయూఈటీ-పీజీ రాసి చేరాలి. ట్యూషన్ ఫీజు ఏడాదికి వందల్లో ఉంటుంది, వేలల్లో కాదు. ఢిల్లీలోనే సార్క్ దేశాలు కలిసి 2010లో తెరిచిన సౌత్ ఏషియన్ యూనివర్సిటీ ఉంది. అది స్వయంగా ఒక అంతర్జాతీయ సంస్థ పెట్టిన యూనివర్సిటీ. నేపాల్, బంగ్లాదేశ్ పిల్లల పక్కన కూర్చొని ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదవటం, పుస్తకంలో చదవటం ఒకటి కాదు.

లా వైపు అయితే ఢిల్లీ దాకా కూడా పోనక్కర్లేదు. శామీర్‌పేట జస్టిస్ సిటీలో నల్సార్ ఉంది, 1998 నుంచి. క్లాట్-పీజీ రాస్తే ఎల్‌ఎల్‌ఎం ఏడాదిలో అయిపోతుంది. దూరవిద్యలో ఏవియేషన్ లా, స్పేస్ అండ్ టెలికమ్యూనికేషన్ లా కోర్సులు కూడా నడుపుతోంది. విమానాలకు ఐకావో, తరంగాలకు ఐటీయూ, రెండూ యూఎన్ సంస్థలే కాబట్టి ఇవి తేలిగ్గా తీసుకునే సబ్జెక్టులు కావు. లా విద్యార్థులు ఇంకో రెండు గుర్తుపెట్టుకోవాలి. ద హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయ అకాడమీ వేసవి కోర్సులకు స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. జెనీవాలో అంతర్జాతీయ న్యాయ సంఘం సమావేశాలప్పుడు యువ న్యాయవాదులకు మూడు వారాల సెమినార్ ఉంటుంది, దానికి ఫీజు లేదు. రెండూ కుదరకపోతే యూఎన్ ఆడియోవిజువల్ లైబ్రరీలో పెద్ద పెద్ద న్యాయమూర్తుల లెక్చర్లు ఫ్రీగా ఉన్నాయి. డేటా ప్యాక్ ఒక్కటే ఖర్చు.

అంత ఎత్తుకు మనవాళ్లు వెళ్లలేదా అంటే వెళ్లారు. కృష్ణా జిల్లాకు చెందిన పాటిబండ్ల చంద్రశేఖరరావు హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌లో 1996లో మొదటి విడత జడ్జీల్లో ఒకరు. 1999 నుంచి 2002 దాకా దానికి అధ్యక్షుడు, 2017 దాకా జడ్జి. అక్కడికి ఇంటర్న్‌గా వెళ్లి ఎదిగిన మనిషి కాదు. అంతకుముందు కేంద్ర న్యాయశాఖ కార్యదర్శి. ఒక సబ్జెక్టును పట్టుకొని ఇక్కడే దశాబ్దాలు పనిచేశాక ప్రపంచం పిలిచింది. యూఎన్‌లో పేరు తెచ్చుకున్న చాలామంది కథ ఇలాగే ఉంటుంది. ముందు నీళ్లు, న్యాయం, టీకాలు, లెక్కలు, ఏదో ఒకటి బాగా వచ్చు. యూఎన్ తర్వాత వచ్చింది.

విదేశానికే పోవాలనుకుంటే అప్పుకంటే ముందు స్కాలర్‌షిప్‌లు. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు, జీవన ఖర్చు రెండూ వాళ్లే పెడతారు. బ్రిటన్ చివెనింగ్‌కు రెండేళ్ల అనుభవం అడుగుతారు, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. మన రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పేరుతో 20 లక్షల దాకా ఇచ్చే పథకాలు నడుపుతోంది. ఆదాయ పరిమితి ఉంది, దేశాల జాబితా కూడా ఉంది. అమెరికా, బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్ లాంటివి అందులో ఉన్నాయి. మీరు అనుకుంటున్న దేశం ఉందో లేదో ఈపాస్ సైట్‌లో చూశాకే యూనివర్సిటీని ఎంచుకోండి, వెనక నుంచి ముందుకు కాదు. జెనీవా చెల్లెకు నేను ఇదే చెప్పాను. ఇక్కడి పీజీ పూర్తి చెయ్యి, థీసిస్ జీనోమ్ వ్యాలీ మీద రాయి, యూఎన్‌వీలో ఒక ఏడాది చూడు, అప్పుడు ఎరాస్మస్‌కు పెట్టు. "నాన్నకు ఏం చెప్పాలి?" అని అడిగింది. "ప్లాటుకు ప్రహరీ కట్టించమను" అన్నాను.

ఇంకో విషయం, ఇది అర్జెంటు. "యూఎన్ ఇంటర్న్‌షిప్ గ్యారంటీ, రిజిస్ట్రేషన్ ఫీజు ఇంత" అని కాలేజీ గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌లు వస్తే ఒక్క రూపాయి కట్టకండి. అప్లికేషన్‌కు గానీ, ఇంటర్వ్యూకు గానీ, ట్రైనింగ్‌కు గానీ యూఎన్ ఏ దశలోనూ ఫీజు తీసుకోదు. బ్యాంకు వివరాలు అడగదు. నీలం లోగో, ఆలివ్ కొమ్మలు ఉన్న సర్టిఫికెట్ ఫొటోషాప్‌లో పది నిమిషాల పని, నేనే చేసి చూపించగలను. మోడల్ యూఎన్ పోటీలకు వెళ్లండి, స్టేజీ భయం పోతుంది, కానీ అందులో 'బెస్ట్ డెలిగేట్' అయితే యూఎన్ అనుభవం కింద లెక్కేస్తారని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి.

చివరగా భాష. యూఎన్ అధికార భాషలు ఆరు: ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్, అరబిక్, రష్యన్, చైనీస్. ఇంగ్లిష్‌తో పాటు ఇంకోటి వస్తే మీ అప్లికేషన్ పక్కవాళ్లకంటే ఒక మెట్టు పైన ఉంటుంది. జెనీవాకైనా, పశ్చిమ ఆఫ్రికాకైనా ఫ్రెంచ్ కావాలి. తార్నాకలోని ఇఫ్లూలో ఈ భాషలు నేర్పే కోర్సులు ఉన్నాయి, బంజారాహిల్స్‌లో అలయన్స్ ఫ్రాంసేజ్ ఉంది. మేడ్చల్ నుంచి వారానికి రెండు మూడు సార్లు పోయి రావడం అలసటే, నాకు తెలుసు. ఏ1 స్థాయి ఫోన్‌లో యాప్‌తో అయిపోతుంది. బీ1 దాటాలంటే మాత్రం మనిషి ఎదురుగా ఉండాలి. పాతబస్తీలో అరబిక్ చదివిన స్నేహితులు ఉన్నవాళ్లు ఆ భాష వైపు చూడండి. ఆ భాష వచ్చిన మంచి టీచర్లు ఈ ఊళ్లో కొదవ లేదు, ఫీజు కూడా ఫ్రెంచ్ కంటే తక్కువే అడుగుతారు.